గడియారం చెప్పింది 8 గంటల 56 నిమిషాలు, జీతం పడింది 8 గంటలకే: పంచ్ కార్డు వెనక చరిత్ర

ఇవాళ ముందుగా ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. కాలిక్యులేటర్ తీయక్కర్లేదు, నోటితోనే వేసేయొచ్చు.

ఒక కార్మికుడు ఉదయం 6:46కి ఫ్యాక్టరీలో కార్డు పంచ్ కొట్టాడు. 12:14కి భోజనానికి వెళ్తూ మళ్ళీ కొట్టాడు. 12:46కి తిరిగొచ్చి కొట్టాడు. సాయంత్రం 4:14కి ఇంటికెళ్తూ ఆఖరి పంచ్. మొత్తం ఎంతసేపు?

పొద్దున 5 గంటల 28 నిమిషాలు. భోజనం తర్వాత 3 గంటల 28 నిమిషాలు. కలిపితే 8 గంటల 56 నిమిషాలు. కానీ కంపెనీ లెక్కలో పడింది సరిగ్గా 8 గంటలు. మరి ఆ 56 నిమిషాలు ఏమయ్యాయి?

గడియారం చెడిపోలేదు. కార్డు ఎవరూ దిద్దలేదు. కరెంటు పోలేదు. ఇది నేను కల్పించిన కథ కూడా కాదు. 1946లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో ఈ నాలుగు టైములూ, ఈ 56 నిమిషాల తేడా, ఉదాహరణగా అచ్చయి ఉన్నాయి. ఆ కేసు దగ్గరికి వస్తాను. ముందు నాకు ఈ గొడవ ఎందుకు పట్టిందో చెప్తాను.

నేను అమెరికాలో ఎంఎస్ చదివే రోజుల్లో క్యాంపస్ డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగేవాణ్ణి. గంటకి 9 డాలర్లు. షిఫ్ట్ సాయంత్రం 5 నుంచి 9 వరకు. మొదటి రోజే ఖమ్మం నుంచి వచ్చిన మా సీనియర్ అన్న పక్కకి పిలిచి చెప్పాడు: "తమ్ముడూ, 4:53 కంటే ముందు స్వైప్ చేస్తే మిషన్ తీసుకోదు. 5 దాటి ఒక్క నిమిషమైనా మేనేజర్ పేరు రాసుకుంటాడు. కాబట్టి ఆ ఏడు నిమిషాల్లోనే కొట్టాలి, ఎప్పుడు కొట్టినా జీతం మాత్రం 5 నుంచే."

సరే అన్నా అన్నాను. మనం ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళం, ఐదు నిమిషాలు ముందు వెళ్ళడం ఒక లెక్కా? రాత్రి కూడా అంతే. 9:05కో 9:06కో బయటపడతాం, మిషన్ దాన్ని 9 చేస్తుంది. నేను సరదాకి ఫోన్ నోట్స్‌లో అసలు టైములు రాసుకోవడం మొదలుపెట్టాను. వారానికి 4 షిఫ్టులు, 15 వారాలు. రోజుకి అటూ ఇటూ కలిపి పది నిమిషాలు. సెమిస్టర్ చివరికి 10 గంటలు తేలింది. అంటే 90 డాలర్లు. ఆ రోజుల్లో నాకు అది నెల కిరాణా.

దొంగతనం అనే మాట అప్పుడు నా నోటికి రాలేదు. ఇప్పుడు కూడా అంత తేలిగ్గా అనను, ఎందుకో మీకే అర్థమవుతుంది. కానీ గడియారం చూపించిన టైముకీ, జీతం కట్టిన టైముకీ మధ్యలో ఎవరో కూర్చుని ఒక లెక్క వేస్తున్నారన్న సంగతి మాత్రం అప్పుడే మొదటిసారి తెలిసింది. ఆ మధ్యలో కూర్చున్న లెక్కకి చాలా పాత చరిత్ర ఉంది.

1700 ప్రాంతానికి వెళ్దాం. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర యాంబ్రోస్ క్రౌలీ అనే ఆయనకి పెద్ద పెద్ద ఇనుప కార్ఖానాలు ఉండేవి. మేకులు, గొలుసులు, లంగరులు చేసేవాళ్ళు. వందల మంది పని చేస్తున్నారు, యజమానేమో లండన్‌లో ఉంటాడు. అందుకని కార్ఖానా మొత్తానికి ఒక చట్టాల పుస్తకం రాయించాడు. అందులో టైము లెక్క చదివితే మతి పోతుంది. పొద్దున 5 నుంచి రాత్రి 8 దాకా, లేదా 7 నుంచి 10 దాకా. 15 గంటలు. అందులో తిండికీ వాటికీ గంటన్నర తీసేస్తే నికరంగా పదమూడున్నర గంటల పని. అక్కడితో ఆగలేదు. సారాయి దుకాణానికి వెళ్ళినా, కాఫీ తాగడానికి వెళ్ళినా, కునుకు తీసినా, చుట్ట కాల్చినా, పాట పాడినా, పేపర్ వార్తలు చదివినా, వాదులాడుకున్నా ఆ టైమంతా లెక్కలోంచి తీసేయాలి. పాటకి కూడా కోత!

ఇంకో రూలు ఉంది. కార్ఖానా గడియారాన్ని తాళం వేసి ఉంచాలి, దాన్ని చూసుకునే మనిషి తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఎందుకంటే కొందరు గుమాస్తాలు వచ్చేటప్పుడు నెమ్మదిగా నడిచే గడియారాన్ని, వెళ్ళేటప్పుడు వేగంగా నడిచే గడియారాన్ని చూసి లెక్క వేసుకుంటున్నారని క్రౌలీకి తెలిసింది. అంటే మోసం ఒకవైపే లేదు. ఇది కూడా ఒప్పుకోవాలి.

కానీ తాళం చెవి ఎవరి దగ్గర ఉంది అన్నది ముఖ్యం. వందేళ్ళ తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి. ఇంగ్లండ్, స్కాట్లండ్ మిల్లుల్లో పనిచేసిన వాళ్ళ జ్ఞాపకాల్లో ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. పొద్దున గడియారం ముందుకు తిప్పేవాళ్ళు, సాయంత్రం వెనక్కి తిప్పేవాళ్ళు. కార్మికుల దగ్గర సొంత వాచీలు ఉండేవి కావు. ఎవడైనా ఒకడు వాచీ తెచ్చుకుని పక్కవాళ్ళకి టైము చెప్తే, ఆ వాచీ లాక్కుని యజమాని దగ్గర పెట్టుకున్న సంఘటన కూడా చెప్పారు. ఇప్పుడు మీ చేతిలో ఫోన్ ఉంది, నెట్‌వర్క్ నుంచి సరైన టైము దానంతటదే వస్తుంది. అప్పుడు ఆ ఒక్క విషయానికే కొట్లాట.

ఈ గొడవ ముదిరి 1844 బ్రిటిష్ ఫ్యాక్టరీ చట్టంలో ఒక నిబంధన పెట్టారు. మిల్లు పనిగంటల్ని మిల్లు గడియారంతో కాదు, ఊళ్ళో అందరికీ కనిపించే గడియారంతో లెక్క కట్టాలి. రైల్వే స్టేషన్ గడియారం లాంటిదన్నమాట.

అప్పుడు యజమానులు ఏం చేశారు? గడియారాన్ని ముట్టుకోవడం మానేశారు, అంచుల్ని కొరకడం మొదలుపెట్టారు. 1856లో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలో ఒక లెక్క ఉంది. మార్క్స్ తన క్యాపిటల్ పుస్తకంలో పనిదినం గురించి రాసిన అధ్యాయంలో దీన్నే వాడుకున్నాడు. చట్టం ప్రకారం పని పొద్దున 6 నుంచి సాయంత్రం 6 దాకా. మిల్లు 6కి పావుగంట ముందే మొదలవుతుంది, 6 తర్వాత పావుగంటకి ఆగుతుంది. అది 30 నిమిషాలు. టిఫిన్‌కి ఇచ్చిన అరగంటలో ముందు 5, వెనక 5 కొరుకుతారు, అది 10. భోజనం గంటలో ముందు 10, వెనక 10, అది 20. రోజుకి గంట. ఐదు రోజులకి 300 నిమిషాలు. శనివారం మధ్యాహ్నం 2 దాకానే పని, అక్కడ 40 నిమిషాలు. వారానికి 340 నిమిషాలు, అంటే 5 గంటల 40 నిమిషాలు. ఏడాదికి 50 వారాలు వేసుకుంటే 27 పనిదినాలు.

ఏ ఒక్క రోజూ ఎవరూ పెద్దగా నష్టపోయినట్టు కనిపించదు. ఐదు నిమిషాల కోసం ఎవడు గొడవ పడతాడు? సంవత్సరం చివర చూస్తే నెల రోజుల పని ఊరికే చేసినట్టు.

కూరగాయల బేరంలో కొసరు అడుగుతాం కదా? కిలో వంకాయల మీద రెండు కాయలు వేయమంటాం. ఆ కొసరు కొన్నవాడికి పడుతుంది. ఇక్కడా అంతే, కొన్నది యజమాని, అమ్మింది కూలివాడు. కాకపోతే త్రాసు కూడా కొన్నవాడి చేతిలోనే ఉంది.

సరే, అట్లాంటిక్ దాటి అమెరికాకి వద్దాం. 1888. న్యూయార్క్ రాష్ట్రంలో ఆబర్న్ అనే ఊళ్ళో విల్లార్డ్ బండీ అనే నగల వ్యాపారి ఒక గడియారం తయారుచేశాడు. ప్రతి కార్మికుడికీ ఒక నంబరు ఉన్న తాళంచెవి. వచ్చినప్పుడు ఆ తాళంచెవి మిషన్‌లో పెట్టి తిప్పితే, లోపల కాగితం చుట్ట మీద నంబరూ టైమూ అచ్చవుతాయి. మరుసటి ఏడాది తమ్ముడు హార్లో బండీతో కలిసి బింగమ్‌టన్‌లో కంపెనీ పెట్టారు. కొన్నేళ్ళకే 1894లో రాచెస్టర్‌లో డేనియల్ కూపర్ ఇంకో అడుగు వేశాడు. మనిషికో కార్డు. ఆ కార్డు మిషన్‌లోకి దూర్చి మీట నొక్కితే వచ్చిన టైము, వెళ్ళిన టైము దాని మీదే పడతాయి. పాత ఇంగ్లిష్ సినిమాల్లో కార్మికులు వరసగా నిలబడి గోడ మీది అరలోంచి కార్డు తీసి టక్కుమని కొట్టి పెట్టేది చూశారు కదా, అదే.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఈ టైము గడియారాల కంపెనీలు ఒకదాన్నొకటి కలుపుకుంటూ వచ్చి, 1911లో తూకం మిషన్ల కంపెనీ, లెక్కల మిషన్ల కంపెనీతో కలిసిపోయాయి. ఆ కలిసిన కంపెనీ 1924లో పేరు మార్చుకుంది. ఆ కొత్త పేరు ఐబీఎం. అవును, మన హైదరాబాద్, బెంగళూరు కుర్రాళ్ళు ఉద్యోగాలు చేసే ఐబీఎం. దాని పూర్వీకుల్లో ఒకటి కూలీల హాజరు గడియారం.

బండీ గడియారం వచ్చినప్పుడు అందరూ అనుకున్నది ఒకటే: ఇక గొడవ ఉండదు. ఇంతకుముందు మేస్త్రీ చేతిరాతతో మస్టర్ రాసేవాడు. నచ్చినవాడికి నిండు పూట, నచ్చనివాడికి ముప్పావు పూట. మిషన్‌కి ఇష్టాయిష్టాలు లేవు. కొట్టిన టైమే పడుతుంది. మొదటిసారి కూలివాడి చేతిలో అచ్చు వేసిన సాక్ష్యం ఉంది. ఇది చిన్న సంగతి కాదు.

కానీ కార్డు మీద 6:46 అని పడినంత మాత్రాన జీతం 6:46 నుంచి మొదలవ్వాలని ఎక్కడుంది? శుక్రవారం రాత్రి జీతాల గుమాస్తా ముందు వందల కార్డులు ఉంటాయి. ఒక్కో కార్డులో రోజుకి నాలుగు పంచ్‌లు. కాలిక్యులేటర్ లేదు. గంటకి 60 నిమిషాలు కాబట్టి మామూలు కూడికలాగా కూడడం కుదరదు. 6:46 నుంచి 12:14 ఎంతో మీరు ఇందాక ఎంతసేపు ఆలోచించారో గుర్తు చేసుకోండి. అందుకని గుమాస్తాలు రౌండ్ ఫిగర్ చేసేసేవాళ్ళు. పావుగంటల్లో లెక్క. లేదంటే గంటని పది భాగాలు చేసి ఆరేసి నిమిషాల్లో లెక్క, 6 నిమిషాలంటే 0.1 గంట. ఇందులో నిజంగా సౌకర్యం ఉంది. నేను దొంగతనం అనే మాట తేలిగ్గా అననన్నది ఇందుకే.

ఎటు రౌండ్ చేస్తారు అన్న దగ్గరే పేచీ.

మౌంట్ క్లెమెన్స్. మిషిగన్ రాష్ట్రంలో ఒక ఊరు. అక్కడ పింగాణీ ఫ్యాక్టరీ, కప్పులూ సాసర్లూ ప్లేట్లూ చేస్తారు. ఎనిమిది ఎకరాలకు పైన స్థలం, పావు మైలు పొడవు, దాదాపు 1200 మంది. వీళ్ళలో ఎక్కువమందికి చేసిన వస్తువుల లెక్కన కూలి. మరి గంటలతో పనేంటి అంటారా? 1938లో రూజ్‌వెల్ట్ హయాంలో వచ్చిన ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం వల్ల. వారానికి నిర్ణయించిన గంటలు దాటితే, కూలి ఏ లెక్కన ఇచ్చినా సరే, ఆపైన ప్రతి గంటకీ ఒకటిన్నర రెట్లు కట్టాలి. ఆ హద్దు 1940 నుంచి 40 గంటలు. దాంతోపాటు ఎవరు ఎన్ని గంటలు చేశారో యజమానే రాసి ఉంచాలి. కాబట్టి 40వ గంట ఎక్కడ ముగిసింది అన్న ప్రశ్నకి ఒక్కసారిగా డబ్బు విలువ వచ్చింది.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి చూద్దాం. షిఫ్ట్ 7కి. ఒక్కో గడియారం దగ్గర దాదాపు 200 మంది పంచ్ కొట్టాలి. నిమిషానికి సగటున 25 మంది కొట్టగలరు. అంటే లైను తెమలడానికే 8 నిమిషాలు. అందుకని 14 నిమిషాల వ్యవధి ఇచ్చారు, 6:46 నుంచి. పంచ్ కొట్టాక ఎవరి బల్ల దగ్గరికి వాళ్ళు నడవాలి. దగ్గరివాళ్ళకి 130 అడుగులు, దూరంవాళ్ళకి 890 అడుగులు. అర నిమిషం నుంచి మూడు నిమిషాలు. అక్కడికెళ్ళాక ఏప్రాన్ కట్టుకోవాలి, చేతులకి గ్రీజు రాసుకోవడమో టేపు చుట్టుకోవడమో చేయాలి, లైట్లు వేయాలి, కిటికీలు తీయాలి, పనిముట్లు నూరుకోవాలి. దానికో మూడు నాలుగు నిమిషాలు. 7 కొట్టేసరికి చెయ్యి పని మీద ఉండాలి.

ఇక ఆఫీసు లెక్క. లోపలికి వచ్చిన పంచ్‌ని తర్వాతి పావుగంటకి జరుపుతారు. 6:46 అంటే 7. బయటికి వెళ్ళిన పంచ్‌ని వెనకటి పావుగంటకి జరుపుతారు. 12:14 అంటే 12. మళ్ళీ 12:46 అంటే 1. 4:14 అంటే 4. చూశారా, నాలుగు పంచ్‌లు, నాలుగుసార్లూ ఒకే వైపు. 14 నాలుగులు 56. మనం మొదట్లో వేసిన లెక్క ఇదే.

ఇలా రోజూ జరిగితే వారానికి ఐదు రోజులకి 280 నిమిషాలు. 40 గంటలు ఎలాగూ నిండాయి కాబట్టి ఆ నాలుగు గంటల 40 నిమిషాలూ ఒకటిన్నర రెట్ల కూలి పడాల్సిన టైము. ఏడుగురు కార్మికులు, వాళ్ళ యూనియన్ కలిసి కోర్టుకెక్కారు. మీ గడియారమే చెప్తోంది కదా, దాని ప్రకారం ఇవ్వండి అన్నారు.

కింది కోర్టుల్లో అటూ ఇటూ అయ్యి కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1946 జూన్ 10న తీర్పు. రాసింది జస్టిస్ ఫ్రాంక్ మర్ఫీ, ఆయన ఒకప్పుడు అదే మిషిగన్‌కి గవర్నర్. తీర్పు పూర్తిగా కార్మికుల వైపు అనుకుంటే పొరపాటు. పంచ్ టైమే పని టైము అన్న వాదనని కోర్టు ఒప్పుకోలేదు. ముందే వచ్చి పంచ్ కొట్టి కబుర్లు చెప్పుకునేవాళ్ళు కూడా ఉంటారు, అదంతా పని కాదు అంది. కానీ యజమాని స్థలంలో, యజమాని కోసం తప్పనిసరిగా నడిచిన నడక పనే, కట్టుకున్న ఏప్రాన్ పనే అని చెప్పింది. పావుగంటల సూత్రంతో వాటిని మింగేయడం కుదరదంది. ఒకటి రెండు నిమిషాల తేడా మాత్రం వదిలేయొచ్చంది. చిల్లర విషయాలని చట్టం పట్టించుకోదు అనే పాత సూత్రం అది, లాటిన్‌లో డి మినిమిస్ అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితోనే దెబ్బ పడుతుంది.

నా దృష్టిలో ఆ తీర్పులో అన్నిటికన్నా విలువైనది ఇంకొకటి. గంటల రికార్డు ఉంచాల్సింది యజమాని. ఆయన సరిగ్గా ఉంచకపోతే, ప్రతి నిమిషానికీ రుజువు తెమ్మని కూలివాణ్ణి అడగడం అన్యాయం అంది కోర్టు. కార్మికుడు సబబుగా ఒక అంచనా చూపిస్తే చాలు. అది తప్పని నిరూపించాల్సిన పని అప్పుడు యజమానిది. ఎనభై ఏళ్ళవుతున్నా ఆ సూత్రం నిలబడే ఉంది. 2016లో పంది మాంసం ఫ్యాక్టరీ కార్మికులు టైసన్ ఫుడ్స్ మీద గెలిచిన కేసులో కూడా సుప్రీంకోర్టు దాన్నే వాడింది.

మరి పింగాణీ ఫ్యాక్టరీ వాళ్ళకి ఎంత వచ్చింది?

ఏమీ రాలేదు. తీర్పు వచ్చాక దేశమంతటా యూనియన్లు కేసులు వేశాయి. ఆ దావాల మొత్తం దాదాపు 600 కోట్ల డాలర్లకి చేరింది. కంపెనీలు గగ్గోలు పెట్టాయి. ఈలోపు మౌంట్ క్లెమెన్స్ కేసు మళ్ళీ కింది కోర్టుకి వెళ్ళింది. జడ్జి ఫ్రాంక్ పికార్డ్ ఆ నడక నిమిషాలన్నీ లెక్క చూసి, ఇవి చిల్లర నిమిషాలే, డి మినిమిస్, అని 1947 ఫిబ్రవరిలో కేసు కొట్టేశాడు. ఆ మేలో అమెరికా పార్లమెంటు పోర్టల్ టు పోర్టల్ చట్టం తెచ్చింది. గేటు నుంచి బల్ల దాకా నడిచేది, అసలు పనికి ముందూ వెనకా చేసేవి, వాటికి మామూలుగా జీతం కట్టక్కర్లేదు. మే 14న ట్రూమన్ సంతకం పెట్టాడు. పాత దావాలు కూడా దాంతో చాలావరకు కొట్టుకుపోయాయి.

ఆ చట్టం ఇప్పటికీ బతికే ఉంది. నెవాడాలో అమెజాన్ గోడౌన్లలో పనిచేసిన కాంట్రాక్టు కార్మికులు, షిఫ్ట్ అయ్యాక సెక్యూరిటీ తనిఖీ లైన్లో దాదాపు 25 నిమిషాలు నిలబడాల్సి వస్తోంది, దానికి జీతం ఇవ్వండి అని అడిగారు. 2014లో సుప్రీంకోర్టు 9 మందికి 9 మంది జడ్జీలూ కుదరదన్నారు. 1947 చట్టమే కారణం.

ఇక మా డైనింగ్ హాల్ ఏడు నిమిషాల రూలు ఎక్కడిదో చూద్దాం. 1961 నాటి అమెరికా కార్మిక శాఖ నిబంధనల్లో రౌండింగ్ గురించి రాశారు. పంచ్ టైముని దగ్గర్లో ఉన్న 5 నిమిషాలకో, పదో వంతు గంటకో, పావుగంటకో జరపొచ్చు. కానీ ఒక షరతు. కొన్నాళ్ళ మీద చూస్తే అటూ ఇటూ సరిపోవాలి, కూలివాడికి పూర్తి జీతం అందాలి. మౌంట్ క్లెమెన్స్ లాగా నాలుగుసార్లూ ఒకే వైపు జరపడం కుదరదన్నమాట. పావుగంట లెక్కలో 7 నిమిషాల దాకా వెనక్కి, 8 నుంచి ముందుకి. కాగితం మీద చూస్తే బొమ్మా బొరుసూ ఆట. ఈరోజు నీకు నాలుగు నిమిషాలు పోతాయి, రేపు నాలుగు వస్తాయి.

ఇప్పుడు మా అన్న చెప్పిన మాట మళ్ళీ చూడండి. 4:53కి ముందు మిషన్ తీసుకోదు. 5 దాటితే పేరు రాస్తారు. 5:07కి కొట్టినా మిషన్ దాన్ని 5 చేస్తుంది, జీతం తగ్గదు, నిజమే. కానీ ఆ వైపు వెళ్ళే దారి మేనేజర్ మూసేశాడు. బొరుసు పడితే నీ ఉద్యోగానికే ఎసరు. రౌండింగ్ సూత్రం సమంగానే ఉంది, దాని పక్కన పెట్టిన రూలు దాన్ని ఒకవైపుకి వంచింది. మా అన్నకి బస్సు ఆలస్యమై మూడుసార్లు రెండేసి నిమిషాలు లేటయింది. జీతంలో పైసా పోలేదు. తర్వాతి నెల షిఫ్టుల లిస్టులో ఆయన పేరు లేదు.

గుమాస్తా సౌకర్యం కోసం పుట్టిన అలవాటు అని చెప్పాను కదా. 1979లో క్రోనోస్ అనే కంపెనీ మైక్రోప్రాసెసర్‌తో నడిచే టైమ్ క్లాక్ తెచ్చింది. గంటలు కూడే పని కంప్యూటర్‌కి వెళ్ళింది. ఇక రౌండ్ చేయాల్సిన అవసరమే లేదు. చిత్రం ఏంటంటే, ఆ కంప్యూటర్‌కి కూడా రౌండ్ చేయడం నేర్పించారు.

ఈ పాయింటు కాలిఫోర్నియా కోర్టులు పట్టుకున్నాయి. 2018లో స్టార్‌బక్స్ కేసు. ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్ రాత్రి పంచ్ అవుట్ చేశాకే కంప్యూటర్‌లో అమ్మకాల లెక్క పంపాలి, అలారం పెట్టాలి, తలుపు తాళం వేయాలి. రోజుకి 4 నుంచి 10 నిమిషాలు. 17 నెలలకి 12 గంటల 50 నిమిషాలు. అప్పటి కనీస వేతనం గంటకి 8 డాలర్లు, మొత్తం 102 డాలర్ల 67 సెంట్లు. ఇవి చిల్లర నిమిషాలు అంది కంపెనీ. గంటల కూలీకి ఇది చిల్లర కాదు, కరెంటు బిల్లు కట్టుకోవచ్చు, వారం సరుకులు కొనుక్కోవచ్చు అంది రాష్ట్ర సుప్రీంకోర్టు. నా 90 డాలర్లు గుర్తొచ్చాయి నాకు.

2021లో అదే కోర్టు ఇంకో అడుగు వేసింది. శాన్ డియాగోలో ఏఎంఎన్ సర్వీసెస్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ పది నిమిషాలకి రౌండ్ చేసేది. 11:02కి భోజనానికి వెళ్ళి 11:25కి వచ్చారనుకోండి. 23 నిమిషాలు. రికార్డులో 11:00 నుంచి 11:30, నిండు అరగంట. చట్టం ఇమ్మన్నది అరగంట, కాబట్టి కాగితం మీద తప్పే జరగలేదు! భోజనం విరామం లెక్కలో రౌండింగ్ చెల్లదని కోర్టు తేల్చేసింది. నిమిషం నిమిషం కచ్చితంగా పట్టుకునే టెక్నాలజీ ఉన్నాక రౌండింగ్ అవసరం తగ్గిపోతోందని కూడా రాసింది.

మన దగ్గర సంగతేంటి అంటారా? మన దగ్గర ఎక్కువ నెల జీతాలే కాబట్టి ఇదే గొడవ వేరే వేషంలో వస్తుంది. బయోమెట్రిక్‌లో పది నిమిషాలు లేటైతే అరపూట కోత, మూడు లేట్లకి ఒక లీవు. ఇది వినని వాళ్ళుండరు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో సెక్షన్ 9 అని ఒకటి ఉండేది. పనికి రాని టైముకి జీతం కోయొచ్చు, కానీ ఎంతసేపు రాలేదో అంత వాటాకి మించి కోయకూడదు. జరిమానా వేరే సంగతి, దానికి విడిగా షరతులున్నాయి, జీతంలో 3 శాతం దాటకూడదు. 2019 వేతనాల కోడ్‌లోకి కూడా ఈ వాటా మాట వచ్చింది. పది నిమిషాలకి నాలుగు గంటల కోత ఏ వాటాలో వస్తుందో లెక్క మీరే వేసుకోండి.

నా సంగతి ముగిస్తాను. సెమిస్టర్ అయిపోయాక జీతాల ఆఫీసుకెళ్ళి నా పంచ్ రికార్డు ప్రింట్ అడిగాను. ఇవ్వరేమో అనుకున్నాను. కౌంటర్లో ఉన్న ఆవిడ ఏమీ అనకుండా తీసి ఇచ్చింది. రెండు వరసలు ఉన్నాయి. ఎడమవైపు నేను కొట్టిన టైములు: 4:54, 4:55, 4:53. కుడివైపు జీతం కట్టిన టైములు: 5:00, 5:00, 5:00. దాచిందేమీ లేదు, పక్కపక్కనే ఉన్నాయి. నేనే ఎప్పుడూ అడగలేదు. ఆ కాగితం ఇంకా నా దగ్గర ఉంది, వీడియో మొదట్లో నా వెనక గోడ మీద కనిపించింది అదే.

ఉంటాను ఫ్రెండ్స్. వచ్చే వారం కలుద్దాం.